రాష్ట్ర పక్షి అంటే నా ఓటు కలివికోడికే

మీరు అడిగింది రెండు సంగతులు: ఆంధ్రప్రదేశ్‌కు రామచిలుకను రాష్ట్ర పక్షిగా పెట్టడం సరేనా అని, రాష్ట్ర పక్షుల తపాలా బిళ్లలు ఎవరైనా దాచుకున్నారా అని. నేను దాచుకున్నాను. రామచిలుక విషయంలో మాత్రం ఒప్పుకోను.

ఉమ్మడి రాష్ట్రానికి పాలపిట్ట ఉండేది. విడిపోయాక తెలంగాణ దాన్నే ఉంచుకుంది, మనం 2018లో రామచిలుకను ఎంచుకున్నాం. అందమైన పిట్టే, కాదనను. కానీ అది ఢిల్లీలోనూ ఉంది, లాహోరులోనూ ఉంది, లండన్ పార్కుల్లోనూ గుంపులుగా తిరుగుతోంది. మా కడప జిల్లా లంకమల కొండల చుట్టుపక్కల ఉన్న కలివికోడి అలాంటిది కాదు.

ఆ పక్షి నాకు పరిచయమైంది ఒక గిన్నెలో. 1989లో నేను ఆరో తరగతి. నాన్నకు ఒక బరువైన కవరు వచ్చింది, మీద రూపాయి తపాలా బిళ్ల. అంచులు చిరగకుండా కవరు ముక్క కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో వేసి పక్కనే కూర్చున్నాను. జిగురు కరిగి బిళ్ల మెల్లగా కాగితాన్ని వదిలింది. పాత దినపత్రిక మీద ఆరబెట్టాను. పొడవాటి కాళ్లు, పెద్ద కన్ను, రొమ్ము మీద రెండు పట్టీలు. తోక మాత్రం తపాలా ముద్ర సిరాలో మునిగిపోయింది. మా తాత వంగి చూసి, "ఇది మన కలివికోడి కదరా!" అన్నాడు. పొద్దుగూకాక కలివి పొదల మధ్య పరుగులు తీస్తుందనీ, అలికిడైతే కదలకుండా నిలబడిపోతుందనీ చెప్పాడు. బిళ్ల మీద ఉన్నది మాత్రం పక్షులను పరిశోధించిన ఆంగ్లేయుడు జెర్డన్ దొర పేరు, అదీ హిందీలో, ఇంగ్లీషులో. తాత నోట్లో ఉన్న పేరు అందులో ఎక్కడా లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

1900 తర్వాత ఎవరికీ కనబడక, ఈ జాతి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడు ఐతన్నకు టార్చి వెలుగులో దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాన్ని గుర్తించారు. 1988 అక్టోబరులో తపాలా శాఖ బిళ్ల వేసింది. ఆ తర్వాత పరిశోధకులు పొదల మధ్య నేలను మెత్తగా చదును చేసి, తెల్లవారాక అడుగుజాడలు చూసి దాని జాడ పట్టేవారు. అంత అరుదైన పక్షి ఉండే పొదల్లోకే తెలుగుగంగ కాలువ పనులు వచ్చాయంటే ఏమనాలి?

బట్టమేక పక్షికి 1980లో రెండు రూపాయల ముప్పై పైసల బిళ్ల వచ్చింది, రాజస్థాన్ దాన్ని తన రాష్ట్ర పక్షిగా చేసుకుంది. అమెరికాలో 1982లోనే యాభై రాష్ట్రాల పక్షులూ పువ్వులతో యాభై బిళ్లలు వేశారు. మన దేశంలోనూ అలాంటి వరుస రావాలి. అందులో ఆంధ్రప్రదేశ్ బిళ్ల మీద కలివికోడి ఉండాలి, పేరు తెలుగులో ఉండాలి. ఇప్పుడు కవర్ల మీద బిళ్లకు బదులు అచ్చు చీటీలే అంటిస్తున్నారు. ఇక పిల్లలు గిన్నెలో నానబెట్టడానికి ఏముంటుంది?

బద్వేలు, సిద్ధవటం వైపు ఎవరి దగ్గరైనా 1988 నాటి ఆ రూపాయి బిళ్ల ముద్ర పడకుండా ఉంటే చెప్పండి. దాని తోక ఎలా ఉంటుందో ఆ బిళ్లలో చూడాలని నాకు ముప్పై ఏళ్లుగా ఉంది.