పాత సైకిళ్లు, దొరకని సామాన్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా తాతగారి సైకిలు అటక మీద నుంచి దించాం. ఎప్పుడో ఎవరో దానికి మళ్లీ నల్లరంగు కొట్టించారు. ముందు గొట్టం మీద కంపెనీ బిళ్ల లేదు, రెండు చిల్లులు మాత్రం మిగిలాయి. ఇంట్లో అందరూ ర్యాలీ అంటున్నారు. అది ర్యాలీయేనా, ఏ కాలందో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందుగా పెడళ్ల దగ్గరున్న పెద్ద పళ్లచక్రాన్ని శుభ్రంగా తుడిచి చూడండి. పాత ఇంగ్లండు కంపెనీలు తమ గుర్తును ఆ చక్రంలోనే కోసేవి. మూడు కొంగ తలలు కనిపిస్తే ర్యాలీ. తెరిచిన అరచెయ్యి ఉంటే రడ్జ్. చుట్టూ ఐదుగురు మనుషుల బొమ్మలుంటే హంబర్. బీఎస్ఏకి ఆ మూడు అక్షరాలే చక్రంలో ఉంటాయి. అయితే పళ్లు అరిగితే చక్రం మార్చడం మామూలే. కాబట్టి దీన్ని ఒక సాక్ష్యంగానే తీసుకోండి, తీర్పుగా కాదు.

రెండో సాక్ష్యం ఫ్రేము నంబరు. సీటు కడ్డీ దిగేచోట ఉండే జాయింటు మీద గానీ, పెడల్ ఇరుసు ఉండే అడ్డ గొట్టం అడుగున గానీ, వెనక చక్రం ఇరుసు కూర్చునే చీలిక మీద గానీ కొట్టి ఉంటుంది. గరుకు కాగితంతో గీకకండి, అంకెల అంచులు అరిగిపోతాయి. గుడ్డకు కాస్త థిన్నరు అద్ది పైరంగు మాత్రమే కరిగించి, ఆ గుంటల్లో సుద్దపొడి రుద్దితే అంకెలు తేలతాయి. ర్యాలీ నంబర్ల వరుస ఒక పద్ధతిలో సాగలేదు. అందుకని నంబరు ఒక్కటీ చూసి ఫలానా సంవత్సరం అని ఖాయంగా చెప్పేవారి మాట మీద డబ్బు పెట్టకండి.

వెనక చక్రానికి స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్బు (చక్రం మధ్యలోని డొల్ల భాగం) ఉంటే మీరు అదృష్టవంతులు. హబ్బు డొల్ల మీద సంవత్సరం చివరి రెండు అంకెలు, పక్కన నెల కొట్టి ఉంటాయి. 57, దాని పక్కన 3 ఉంటే ఆ హబ్బు 1957 మార్చిలో తయారైందన్నమాట. చక్రం మారకుండా ఉంటేనే అది సైకిలు వయసు కూడా అవుతుంది. పాత మునిసిపాలిటీ లైసెన్సు బిళ్ల ఏదైనా ఫ్రేముకు వేలాడుతుంటే పారేయకండి. దాని మీది ఏడాదికి సైకిలు రోడ్డు మీద ఉందని అది చెబుతుంది, తయారైన ఏడాది మాత్రం చెప్పదు.

ఇక అసలు చిక్కు. ఒకే పేరుతో రెండు దేశాల్లో సైకిళ్లు తయారయ్యాయి. టీఐ సైకిల్స్ 1949లో ఏర్పడి, మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులిస్‌తో మొదలుపెట్టి, తర్వాత ఫిలిప్స్, బీఎస్ఏ పేర్లతో కూడా చేసింది. ర్యాలీని బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ తయారుచేసింది. అక్కడ ఇంగ్లండులోనూ కథ తిన్నగా లేదు. బీఎస్ఏ సైకిళ్ల వ్యాపారం 1957లో ర్యాలీ చేతికి వెళ్లింది. హెర్క్యులిస్, ఫిలిప్స్ కంపెనీలున్న ఇంగ్లండు సంస్థ టీఐ (ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్) 1960లో ర్యాలీని తనలో కలుపుకుంది. అందువల్ల ఆ తర్వాతి ఇంగ్లండు ఫిలిప్స్ లోపల ర్యాలీ సామాను ఉండొచ్చు. బిళ్ల మీద పేరు గర్వంగా చెప్పుకోవడానికి పనికొస్తుంది. సామాను కొనేటప్పుడు మాత్రం చేతిలో కొలత ఉండాలి.

బిళ్ల కొనాలనుకుంటే ఆ రెండు చిల్లుల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి, అవి పైనా కిందా ఉన్నాయా, అటూ ఇటూ ఉన్నాయా రాసుకోండి. కొత్తగా ఒక్క చిల్లు కూడా వేయకండి. ఇప్పుడు దొరికే బిళ్లల్లో చాలావరకు కొత్తగా అచ్చుపోసినవే. అలంకారానికి తప్పులేదు గానీ పాతదని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: మా దగ్గర ఇంగ్లండు ర్యాలీ ఉంది. పెడల్ తొక్కుతుంటే టకటకమంటోంది. విప్పించి పెడల్ ఇరుసుకు రెండు వైపులా బాల్స్ కూర్చునే కప్పులు కొత్తవి తెస్తే ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతున్నాయి. లేతు దగ్గర కొత్త మర కోయించమని మెకానిక్ సలహా. కోయించవచ్చా?
– ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: దయచేసి కోయించకండి. ఆ పని చేస్తే ఫ్రేము పాడవుతుంది.

షాపులో దొరికే మామూలు కప్పుకు అంగుళానికి 24 మరలు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన ర్యాలీకి 26. రెండింటి వ్యాసం దాదాపు ఒకటే కావడంతో కప్పు మొదట ఎక్కినట్టే అనిపిస్తుంది, తర్వాత మర మీద మర పడి బిగుస్తుంది. పానాతో బలవంతంగా తిప్పితే ఫ్రేములోని మర తెగుతుంది. 26 ఉన్నచోట 24 కోస్తే పాత గాడి, కొత్త గాడి ఒకదాన్నొకటి నరుక్కుని మరలో బలమే మిగలదు. కప్పులు ఎక్కే అడ్డ గొట్టం వెడల్పు కూడా వేరు: మామూలు సైకిళ్లకు 68 మిల్లీమీటర్లు, ఈ ర్యాలీలకు 76 దాకా ఉంటుంది. స్కేలుతో కొలిస్తేనే సగం అనుమానం తీరుతుంది.

మిగతా సగానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. మామూలు వెనక చక్రం ఇరుసు మీద అంగుళానికి 26 మరలే ఉంటాయి. ఒక పాత ఇరుసు తీసుకుని, మీ పాత కప్పు మర మీద పక్కగా ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. రెండు మరలూ సందు లేకుండా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటే అది 26. మొదట కూర్చుని చివరికి తప్పుకుంటే 24. హ్యాండిల్ కింద ఉండే హెడ్ కప్పు, ఫోర్కు మర కూడా ఇలాగే చూసుకోండి, ర్యాలీలో అక్కడా 26 ఉంటుంది.

ఇప్పుడు ఏం చేయాలి? పాత కప్పులు పారేయకండి. చాలాసార్లు కప్పుల కంటే ముందు ఇరుసే అరుగుతుంది. కిరోసిన్‌లో కడిగి కప్పు లోపల గోటితో రాసి చూడండి. గోరు ఎక్కడా తగులుకోకపోతే ఇంకా బాగా పనిచేస్తుంది. బాల్స్ మాత్రం అన్నీ కొత్తవే వేయండి: పావు అంగుళం సైజు, ఒక్కో వైపు 11, మొత్తం 22. పాతవీ కొత్తవీ కలిపితే బరువంతా పెద్దగా ఉన్న కొత్తవాటి మీదే పడి కప్పులో గుంటలు పడతాయి.

ఇరుసు అరిగితే మూడు కొలతలు కావాలి: మొత్తం పొడవు, రెండు బాల్ దారుల మధ్య దూరం, ఆ దారి నుంచి చైను వైపు కొస దాకా దూరం. మూడోది తప్పితే పళ్లచక్రం చైన్ కవరుకు రాసుకుంటుంది. ఆటోనగర్‌లో లేతు మీద చేయించుకోవచ్చు, కానీ చేసిన తర్వాత బాల్ తిరిగే భాగానికి గట్టిదనం పట్టించాలని ముందే మాట్లాడుకోండి. మామూలు ఇనుముతో చేసి అలాగే వేస్తే కొద్ది నెలల్లోనే గాడి పడుతుంది.

విప్పేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. చైను వైపు కప్పుది ఎడమ మర. ఎదురుగా నిలబడి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే అది వదులవుతుంది. ఎడమ పెడల్‌ది కూడా ఎడమ మరే. ఈ రెండుచోట్లా అందరి చేతులూ అలవాటు ప్రకారం బిగించే వైపే లాగుతాయి.

టకటక శబ్దానికి కప్పుల కంటే ముందు అనుమానించాల్సింది కాటర్ పిన్ను, అంటే పెడల్ చేతిని (క్రాంకును) ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను. ర్యాలీకి 9.5 మిల్లీమీటర్ల పిన్ను కావాలి. 9 మిల్లీమీటర్లదీ దొరుకుతుంది, చూడటానికి ఒకలాగే ఉంటుంది. అది వేసి నట్టు ఎంత బిగించినా కాస్త ఆట ఉంటుంది, ఆ ఆటకు క్రాంకు చిల్లు కోడిగుడ్డులా సాగిపోతుంది. క్యాలిపర్‌తో కొలిచి కొనండి. పాత పిన్ను తీసేటప్పుడు ముందురోజు రాత్రే కిరోసిన్ గానీ తుప్పు వదిలించే నూనె గానీ పోసి ఉంచండి. నట్టును పిన్ను కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేసి, క్రాంకు కింద నేలకు ఆనేలా ఒక ఇనుప గొట్టం ముక్క నిలబెట్టి, అప్పుడు సుత్తితో ఒకే గట్టి దెబ్బ వేయండి. ఆ ఊతం లేకుండా కొడితే దెబ్బంతా బాల్స్ మీదికి వెళ్లి కప్పులో గుంటలు పడతాయి.

కొత్త పిన్ను చదును వైపును ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి పెట్టి చూస్తుండండి. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల నుంచి ఎక్కాలి, లేకపోతే పెడళ్లు ఒకే గీతలోకి రావు. నట్టుతో లాగి కూర్చోబెట్టాలని చూడకండి, మర తెగుతుంది. సుత్తితో కూర్చోబెట్టి, నట్టుతో ఆపండి. ఓ 20, 30 కిలోమీటర్లు తొక్కాక మళ్లీ తట్టి నట్టు బిగించండి. చాలామంది వదిలేసే పని ఇదే, శబ్దం తిరిగి రావడానికి కారణమూ ఇదే.

ప్రశ్న: 26 సైజు టైరు అడిగితే ఇచ్చారు, రిమ్ముకు వదులుగా ఉండాల్సింది పోయి ఎక్కనే ఎక్కడం లేదు. టైరు మీద 26 అనే ఉంది. తప్పు ఎక్కడ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: 26 అనేది టైరు బయటి వ్యాసానికి (అంగుళాల్లో) దగ్గరగా వాడుకలో పడిన పేరు. రిమ్ము మీద కూర్చునే అసలు కొలత టైరు పక్కన చిన్న అంకెల్లో ఉంటుంది. పాత 26×1⅜కి అది 590 మిల్లీమీటర్లు. ఇప్పటి గేర్ సైకిళ్ల 26×1.95కి 559. మీకు ఇచ్చింది రెండోది, 31 మిల్లీమీటర్లు చిన్నది. ఎంత లాగినా ఎక్కదు. 26×1½ ఇంకోటి, దానిది 584.

పెద్ద నల్ల సైకిళ్ల 28×1½కి 635. ఇది ఇప్పటికీ మన దేశంలో తయారవుతోంది కాబట్టి బెంగ లేదు. 28 అని రాసి ఉన్నా 622 కనిపిస్తే అది వేరే జాతి టైరు, కొనకండి. కొట్లో 28×1½, 635 అని కాగితం మీద రాసి చూపించండి.

రిమ్ము మార్చాల్సి వస్తే ముందు హబ్బు చిల్లులు లెక్కపెట్టండి. పాతవాటికి ముందు 32 పుల్లలు, వెనక 40. ఇప్పటి రిమ్ములు చాలావరకు 36. కడ్డీ బ్రేకులైతే రబ్బరు రిమ్ము లోపలి వైపు తాకుతుంది, కాబట్టి ఆ వంపు ఉన్న రిమ్మే కావాలి. పక్కలు చదునుగా ఉండే కేబుల్ బ్రేకు రిమ్ము వేస్తే రబ్బరు ఆనదు.

ప్రశ్న: స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల సైకిలు. ఎత్తు ఎక్కుతుంటే ఒక్కసారిగా పెడల్ ఖాళీగా తిరిగి కాలు జారుతోంది. హబ్బు పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: పోలేదు, చాలావరకు కేబుల్ సర్దుబాటే. రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఈ హబ్బులో ఏ గేరూ పట్టని చోటు ఒకటుంది. కేబుల్ సరిగా లేకపోతే లోపలి భాగం అక్కడ ఆగుతుంది. సరిచేసేదాకా నిలబడి తొక్కకండి, పడిపోతారు.

కుడివైపు ఇరుసు నట్టులో చిన్న కిటికీ ఉంటుంది. మీటను రెండో గేరులో పెట్టి అందులోంచి చూడండి. లోపలి సన్న కడ్డీ మీది మెట్టు, ఇరుసు కొసతో సమానంగా ఉండాలి. లేకుంటే కేబుల్‌ను హబ్బుకు కలిపే చిన్న గొలుసు పక్కనున్న సర్దుబాటు మరను తిప్పి సరిచేయండి. అంతకుముందు ఆ చిన్న గొలుసు ఇరుసులోకి పూర్తిగా బిగిసిందో లేదో చూడండి. పూర్తిగా బిగించి, కేబుల్‌కు తిన్నగా వచ్చేలా అర చుట్టుకు మించకుండా వెనక్కి తిప్పాలి.

ఆ తర్వాత హబ్బు మూత తెరిచి ఒక టీస్పూను పల్చని యంత్రాల నూనె పోయండి. గ్రీజు ఎక్కిస్తే లోపలి చిన్న కొక్కేలు అంటుకుపోయి గేరు పట్టదు. కొబ్బరి నూనె, వంట నూనె కూడా వద్దు, ఎండి జిగురవుతాయి. హబ్బు మీద ఏడబ్ల్యూ (AW) అని ఉంటే లోపలి సామాను ఇప్పటికీ సంపాదించవచ్చు. ఆ రకం ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా తయారైంది, ఇంకో పాత హబ్బులోని ముక్కలు సరిపోతాయి.

ప్రశ్న: విజయవాడ, గుంటూరుల్లో ఇలాంటి సామాను కోసం ఎలా వెతకాలి?
– ఒక పాఠకుడు, సత్తెనపల్లి

జవాబు: పాత ముక్కను జేబులో పెట్టుకుని వెళ్లండి. ఫోటో చాలదు. పేరు చెబితే లేదంటారు, ముక్క బల్ల మీద పెడితే పైఅర వెతుకుతారు. పెద్ద షోరూముల్లో కాకుండా, రెండు తరాలుగా ఓవరాయిలింగ్ చేస్తున్న చిన్న కొట్లలో అడగండి. అమ్ముడుపోని పాత సరుకు డబ్బాల్లో ఉండేది అక్కడే. పాత ఇనుము కొనేవారికి కూడా మీకు కావలసిన ముక్క చూపించి చెప్పి ఉంచండి.

గంట, దీపం, బ్రేకు కడ్డీలు, క్రాంకు అన్నీ విడివిడిగా ఏరుకోవడం కంటే, ఫ్రేము విరిగిన అదే రకం సైకిలు మొత్తంగా కొనడం మేలు. చైను, ఫ్రీవీలు, పెడళ్ల కోసం ఇంత కష్టం అక్కర్లేదు. అర అంగుళం చైను ఏ కొట్లోనైనా దొరుకుతుంది. పళ్లచక్రం మీద పళ్ల మధ్య దూరం అంగుళం ఉంటే మాత్రం అది బాగా పాత కాలపు చైను. అప్పుడు చక్రమూ చైనూ రెండూ జాగ్రత్తగా దాచుకోవాలి.

ప్రశ్న: తుప్పు వదిలించి, కొత్త రంగు, కొత్త క్రోమియం చేయిద్దామని ఉంది. తోలు సీటు గట్టిపడింది, నూనె పట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: రంగు ఆపండి. పాత రంగు, దాని మీది బంగారు గీతలు ఒకసారి పోతే తిరిగి రావు. మెత్తటి గుడ్డ, సబ్బునీళ్లు, చివర మైనం చాలు. క్రోమియం మీది తుప్పును అల్యూమినియం రేకు ఉండచుట్టి నీళ్లలో ముంచి రుద్దితే చాలావరకు పోతుంది. పెచ్చులు లేచినచోట మాత్రం రుద్దకండి.

తోలు సీటుకు వంటనూనె వద్దు. తోలు మెత్తబడి, కూర్చున్న బరువుకు ఉయ్యాలలా సాగిపోతుంది. తోలు సీటుకని అమ్మే మైనం కొద్దిగా పైవైపు రాసి, ఒకరోజు నీడలో ఉంచి తుడవండి. ముక్కు కింద ఉండే నట్టును ఒకేసారి బిగించకండి. పావు చుట్టు తిప్పి, కొన్ని రోజులు తొక్కి, సాగితేనే మళ్లీ ముట్టుకోండి. తోలులో రివెట్ల దగ్గర చీలిక కనిపిస్తే ఆ నట్టు జోలికి అసలు వెళ్లకండి.