పెన్నుల ఆర్డరుకు మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: కావలిలో లేజర్ ఎన్‌గ్రేవింగ్ షాపు నడుపుతున్నాను. వయసు 34. ఇంట్లో అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు. ముడిసరుకు, కరెంటు పోను నెలకు సగటున 58,000 వస్తుంది. ఇంటి ఖర్చు 28,000, షాపు అద్దె 7,000, సీఓటూ లేజర్ మెషిన్ ఈఎంఐ 11,800. పోయినేడు దాని లేజర్ ట్యూబు మార్చడానికి 32,000 అయింది. నెల్లూరులోని ఒక కాలేజీ వాళ్లు 6,000 పెన్నుల మీద లోగో చెక్కమన్నారు. పెన్నులు వాళ్లవే, పెన్నుకు 12 రూపాయలు ఇస్తారు, గడువు 12 రోజులు. ఒక్కో పెన్నూ సర్ది చెక్కడానికి 50 సెకన్లు పడుతోంది, అందులో చెక్కడం 14 సెకన్లే. మిగతా పని ఆగిపోతుందని 4 లక్షలతో ఫైబర్ లేజర్ మెషిన్ కొందామనుకుంటున్నాను. 2 లక్షలు మా ఆవిడ నగల మీద, 2 లక్షలు తెలిసినాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి. బ్యాంకులో 18,000 ఉన్నాయి. కొనమంటారా?

జవాబు: కొనకండి. ఆ మూడు రూపాయల అప్పు జోలికి అసలే పోకండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి సీజనులోనూ వస్తాయి. ఒక పంట బాగా వచ్చిందని పక్క చెరువు కూడా లీజుకు పట్టిన రొయ్యల రైతు, రెండు నెలల పెళ్లిళ్లు చూసి ఇంకో సెట్టు షామియానాలు కొన్న సప్లయర్స్ ఆయన, ఇప్పుడు మీరు. వచ్చేది ఒక్క ఆర్డరు, నెత్తికెత్తుకునేది ఏళ్ల తరబడి అప్పు.

మీ అంకెలే తీసుకోండి. ఆర్డరు మొత్తం 72,000. 2 లక్షలకు మూడు రూపాయలంటే నెలకు 6,000, ఏడాదికి 72,000. కాలేజీ వాళ్లిచ్చే ప్రతి పైసా అప్పిచ్చినాయనకే పోతుంది, అసలు మాత్రం కదలదు. రెండో ఏడాది నుంచి నెలనెలా 500 పెన్నులు ఉత్త వడ్డీకే చెక్కాలి. ఆ పెన్నులు ఎవరు తెచ్చిస్తారు? నగల మీది వడ్డీ నేనింకా కలపనే లేదు.

మెషిన్ల సంగతి నాకు తెలియదు కాబట్టి, మా ఆఫీసు కింద ఇదే పని చేసే కుర్రాడికి మీ ఉత్తరం చదివి వినిపించాను. వాడు అడిగిన మొదటి మాట, ‘ఆయన దగ్గర జిగ్ లేదా సార్?’ అని. జిగ్ అంటే వస్తువును ప్రతిసారీ ఒకేచోట పట్టి ఉంచే అచ్చు. పూత ఉన్న పెన్నులైతే సీఓటూ చాలట, ఉత్త స్టీలు మీద చెక్కాలంటేనే ఫైబర్. 50లో 36 సెకన్లు సర్దడానికే పోతున్నాయి. కొత్త మెషిన్ వచ్చినా సర్దే చెయ్యి మీదేగా.

వాడు చూపించిన జిగ్ 3 ఎంఎం ఎండీఎఫ్ పలక, అంటే చెక్క పీచును అదిమి చేసిన షీటు. దానిలో పెన్నులు పట్టే 30 గాడులు. లోగో చెక్కే మెషిన్‌తోనే, లోగో ఉన్న డిజైన్ ఫైలుతోనే గాడులూ కోశాడు కాబట్టి గాడి ఎక్కడుంటే లోగో అక్కడే పడుతుంది. బెడ్ మూలన ఎల్ ఆకారంలో ఒక పట్టీ బిగించి పలకను దానికి ఆనిస్తాడు, లేజర్ ఎక్కడ పడుతుందో చూపే ఎర్ర చుక్కను మళ్లీ మళ్లీ చూసుకునే పని లేదు. ఇలాంటి పలకలు రెండు. ఒకటి లోపల ఉండగా రెండోదాన్ని నింపుతాడు. పలక మార్చడానికి 30 సెకన్లు వేసుకున్నా పెన్నుకు 15 సెకన్లు. మీకు 83 గంటలయ్యే పని 25 గంటల్లో తెములుతుంది. ఖర్చు వందల్లోనే. వానాకాలం ఎండీఎఫ్ ఉబ్బి గాడులు బిగుసుకుంటాయట. ఫైలు భద్రంగా ఉంటే పలక ఇంకోటి కోసుకోవచ్చు. ఉదయగిరి చెక్క గరిటెలకు మాత్రం ఇంత సులువు కాదన్నాడు. చేత్తో చేసినవి కదా, కాడ మందం ఒక్కోదానికి ఒక్కో తీరు. గాడి వదులుగా కోసి పక్కన చెక్క చీలిక దోపాలి, ఎత్తు తేడా వస్తే ఫోకస్ తప్పి అక్షరం మసకబారుతుంది. మళ్లీ మళ్లీ వచ్చే ఖాతాదారుకు జిగ్ చార్జీ అని బిల్లులో ఒకసారి విడిగా వేస్తాడు. మీరూ వేయండి.

ఇక నన్ను నిజంగా కంగారు పెట్టిన అంకె 18,000. ఇల్లు, అద్దె, ఈఎంఐ కలిపి మీకు నెలకు 46,800 కావాలి. అంటే షట్టరు దించేస్తే పన్నెండో రోజుకల్లా చేబదులుకు బయల్దేరాలి. గాజు ట్యూబు లారీ టైరు లాంటిది, అరగడం దాని పని. అది ఈ ఆర్డరు మధ్యలో పోతే ఏం చేస్తారు? 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన వారం గుర్తుందా? ఆ వారం తెచ్చిన అప్పుకు నా క్లయింటు ఒకాయన ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు.

మీకు ఆరు నెలలకు 2,80,800, ట్యూబు కోసం విడిగా 32,000, వెరసి దాదాపు 3,13,000 ఆపద నిధిగా పక్కన ఉండాలి. ఈ ఆర్డరులో ఖర్చులు పోను 60,000 అందులో వేయండి. ఇకపై వచ్చే జిగ్ చార్జీలన్నీ అందులోకే. మీకు నెలకు మిగిలే 11,200లో 10,000 అందులోకే. రెండేళ్లు పడుతుంది. పట్టనివ్వండి. షాపు ఖాతా ఉన్న బ్యాంకులో మాత్రం వద్దు. వేరే బ్యాంకులో, యూపీఐకి తగిలించకుండా, రెండు నెలల డబ్బు సేవింగ్స్‌లో, మిగతాది ఎఫ్‌డీల్లో. అవసరమొస్తే చీటీ పాడుకుంటానంటారేమో. మీ ట్యూబు పోయిన నెలే పాట మీకు దక్కాలని రాసిపెట్టి లేదు. నిధి నిండేదాకా మీ ఇంట్లో ఆపద్ధనం అంటూ ఉన్నది మీ ఆవిడ నగలే. వాటిని పెన్నుల కోసం తాకట్టు పెడతారా?

మిగతావి క్లుప్తంగా. టర్మ్ పాలసీ, అంటే మీరు పోతే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా, ఊసే మీ ఉత్తరంలో లేదు, ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. అది చేతికొచ్చేదాకా కేంద్ర ప్రభుత్వ పథకాలైన ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా అయినా ఉండాలి. మంటతో చెలగాటం లాంటి పని మీది, షాపుకు అగ్నిప్రమాద బీమా చేయించండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, అది ఉంటే 45 రోజులు దాటాక డబ్బు ఆపేవాణ్ని చట్టం చూపించి అడగొచ్చు. ఏడాది పొడుగునా స్టీలు పని వస్తూ మీరు తిప్పి పంపాల్సి వస్తే, అప్పుడు ఫైబర్ కోసం బ్యాంకుకెళ్లి చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా రుణం అడగండి. 4 లక్షలు అందులో కిశోర్ అనే తరగతి కిందికి వస్తాయి, తాకట్టు అక్కర్లేదు.

కాలేజీ వాళ్లను సగం అడ్వాన్సు అడిగి, అందులోంచి ఎండీఎఫ్ షీటు తెచ్చి ఈ ఆదివారమే రెండు పలకలు కోయండి. మొదటి పలక మీద షాపులో పడున్న పాత పెన్నులు పెట్టి చూసుకోండి, కాలేజీ పెన్నులు కాదు.