పుచ్చిన కట్టెలో బూజు వెతికితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. ప్రాజెక్టు కోసం చెరకు పిప్పి కుప్ప కింది మట్టి, పుచ్చిన కట్టె ముక్కలు కాలేజీకి పట్టుకెళ్తోంది. వాటిలో ఎంజైములిచ్చే బూజులు ఉంటాయట. దీనివల్ల ఉపయోగం ఉందా? బీఈడీలో చేర్చేద్దామా?
- ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: పిప్పి కుప్పను ఎంచుకోవడంలోనే మీ అమ్మాయి తెలివి కనిపిస్తోంది. మొక్కల్లోని పీచు పదార్థమైన సెల్యులోజ్ ఎక్కడ కుళ్లుతుందో, దాన్ని చక్కెరగా విరిచే శిలీంధ్రాలు, అంటే బూజులు, అక్కడే ఉంటాయి. పశువుల ఎరువులో కలిపి చల్లే ట్రైకోడెర్మా పొడి మీకు తెలిసే ఉంటుంది. దాని దాయాది ట్రైకోడెర్మా రీసై రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాల గుడ్డను తినేస్తూ దొరికింది. ఇవాళ జీన్స్ గుడ్డను మెత్తబరచడానికి, గడ్డి నుంచి ఇథనాల్ తీయడానికి వాడే, సెల్యులోజ్‌ను విరిచే సెల్యులేజ్ అనే ఎంజైములో చాలా భాగం ఆ ఒక్క నమూనా సంతతి నుంచే వస్తోంది.

ఇక ప్రాజెక్టు. మట్టిని నీళ్లలో బాగా పలచన చేసి, సీఎంసీ అనే సెల్యులోజ్ కలిపిన అగార్ ప్లేటు (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ పోసిన పళ్లెం) మీద పరిచి కొన్ని రోజులు పెంచుతారు. తర్వాత కాంగో రెడ్ రంగు పోసి, పావుగంట ఆగి, ఉప్పునీళ్లతో కడుగుతారు. ప్లేటంతా ఎర్రగా ఉంటుంది, ఎంజైము వదిలిన బూజు చుట్టూ మాత్రం సెల్యులోజ్ విరిగిపోయి రంగు పట్టని వలయం తేలుతుంది. చాలామంది ఆ వలయాన్ని ఫొటో తీసి రిపోర్టు ఇచ్చేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అలాంటి ఫొటోలు ఎన్నో చూసి ఉంటారు. ఎంజైము ఎంత వచ్చింది, ఏ పీహెచ్‌లో (పులుపు-క్షార స్థాయిలో), ఏ వేడి దగ్గర బాగా పనిచేసింది అని అడిగితే అంకెలతో చెప్పాలి. అందుకు డీఎన్ఎస్ అనే రసాయనంతో రంగు తెప్పించే పద్ధతిలో, సెల్యులోజ్ విరిగి విడుదలైన చక్కెరను 540 నానోమీటర్ల కాంతి దగ్గర స్పెక్ట్రోఫొటోమీటర్‌తో (ద్రవం కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచే యంత్రంతో) కొలవాలి. ఈ కొలత చేతికి వస్తే మందుల కంపెనీలో, జీవన ఎరువుల యూనిట్‌లో, ఎంజైముల తయారీలో ఎక్కడైనా పనికొస్తుంది.

బూజులు వెతకడమే ఉద్యోగంగా దొరకడం అరుదు. ఉద్యోగాలు ఫెర్మెంటేషన్‌లో (సూక్ష్మజీవులను పెద్ద ట్యాంకుల్లో పెంచే పనిలో), క్వాలిటీ కంట్రోల్‌లో ఉంటాయి. ఒట్టి బీఎస్సీతో చేరితే మొదట్లో జీతం తక్కువే, ఎదగడం కూడా కష్టం. అందుకే ఎమ్మెస్సీ చేయించమంటాను. అందుకు ప్రవేశ పరీక్షలైన ఏపీ పీజీసెట్, సీయూఈటీ-పీజీ రెండూ రాయించండి. ఆ తర్వాత పరిశోధన మీద మనసుంటే సీఎస్ఐఆర్ నెట్, గేట్ అనే అర్హత పరీక్షలు ఉన్నాయి. బీఈడీ తర్వాతైనా చేయొచ్చు, ఆమె అడిగినప్పుడు ఆలోచించండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ ప్లేట్లు ఇంట్లో పెంచనివ్వకండి. పిప్పిలో ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ లాంటివీ ఉంటాయి, వాటి బీజాలు ఊపిరితిత్తులకు మంచివి కావు. ఆమెకు ఉబ్బసం ఉంటే గైడ్‌కు ముందే చెప్పాలి. అలాగే కాలేజీలో స్పెక్ట్రోఫొటోమీటర్ పనిచేస్తోందో లేదో ఇప్పుడే కనుక్కోమనండి. లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీ ల్యాబ్‌కు గైడ్ చేత ఉత్తరం రాయించుకోవాలి. పరీక్షలు దగ్గరపడ్డాక అడిగితే ఖాళీ దొరకదు.