నూట యాభై ఐదేళ్ల రగ్బీ క్లబ్బు ఎందుకు మూతపడింది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో వాస్ప్స్ అనే రగ్బీ క్లబ్బు నూట యాభై ఏళ్లకు పైగా నడిచి, 2022లో ఉన్నట్టుండి మూతపడిందని మా అబ్బాయి చెప్పాడు. ఐరోపా విజేతగా రెండుసార్లు నిలిచిన క్లబ్బు అలా ఎలా మూతపడుతుంది?
– విశ్రాంత రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. 2022 అక్టోబరు 17న వాస్ప్స్ సంస్థ దివాలా నిర్వాహకుల చేతిలోకి వెళ్లింది. ఆటగాళ్లు, శిక్షకులు, కార్యాలయ సిబ్బంది కలిపి 167 మంది ఆ రోజే ఉద్యోగాలు కోల్పోయారు. అయితే మూతపడింది క్లబ్బులో ఒక భాగం మాత్రమే. వాస్ప్స్ 1990ల మధ్యలోనే రెండుగా చీలింది. జీతాలిచ్చి ఆడించే జట్టు కంపెనీగా మారగా, సభ్యుల చందాలతో నడిచే పాత సంఘం విడిగా మిగిలింది. కంపెనీ మునిగింది, సంఘం ఇప్పటికీ ఆడుతోంది. ఆ చీలిక ఎలా వచ్చిందో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఉత్తర లండన్‌లోని హాంప్‌స్టెడ్ ఫుట్‌బాల్ క్లబ్బులో విభేదాలు వచ్చి, విడిపోయినవారు 1867లో ఈటన్ అండ్ మిడిల్‌సెక్స్ అనే మద్యశాలలో సమావేశమై వాస్ప్స్‌ను స్థాపించారు. పాత క్లబ్బులో మిగిలినవారే తర్వాత హార్లెక్విన్స్ అయ్యారు, ఆ పేరు నేటికీ ఇంగ్లండ్ ప్రథమ శ్రేణి లీగులో ఉంది. 1871 జనవరిలో, ఇంగ్లండ్‌లో ఆటను నడిపే రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను ఏర్పాటు చేసిన 21 క్లబ్బుల జాబితాలో వాస్ప్స్ పేరు లేకపోవడానికి ఒక ముచ్చట చెబుతారు. క్లబ్బు తరఫున వెళ్లిన ప్రతినిధి తప్పు రోజున, తప్పు వేళకు, తప్పు చోటికి చేరాడని ఒక కథనం. అదే పేరున్న మరో మద్యశాలకు వెళ్లి, పొరపాటు తెలిసేసరికి కదలలేని స్థితిలో ఉన్నాడని ఇంకో కథనం. ఈ రెండోదే ఎక్కువ ప్రచారంలో ఉండటంలో వింతేమీ లేదు.

1923లో క్లబ్బు లండన్ వాయవ్య శివారైన సడ్‌బరీలో స్థిరపడింది, కాలక్రమంలో ఆ స్థలాన్ని కొనుక్కుంది కూడా. ఆ మైదానంలో ఆడినవారెవరూ ఆట కోసం జీతం తీసుకోలేదు, ఆట నియమాల ప్రకారం తీసుకుంటే నేరమే. రగ్బీలో డబ్బు తగాదా అంతకు ముందే తెగేదాకా వెళ్లింది. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఉత్తర ఇంగ్లండ్ ఆటగాళ్లకు ఆట కోసం పోగొట్టుకున్న కూలీని క్లబ్బులు చెల్లించవచ్చా అన్న ప్రశ్న మీద ఆట 1895లోనే రెండుగా విడిపోయింది. మస్టరు పోవడమంటే ఏమిటో మన సింగరేణి ప్రాంతపు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. చెల్లించాలన్నవారిది రగ్బీ లీగ్ అయింది, కుదరదన్నవారిది రగ్బీ యూనియన్‌గా మిగిలింది. ఆ నిషేధం సరిగ్గా నూరేళ్లు నిలిచి, 1995 ఆగస్టు 27న అంతర్జాతీయ రగ్బీ బోర్డు పారిస్‌లో చేసిన ప్రకటనతో తొలగిపోయింది.

తొలి దెబ్బ తిన్న క్లబ్బుల్లో వాస్ప్స్ ఒకటి. ఇంగ్లండ్ జట్టు ప్రముఖుడు రాబ్ ఆండ్రూ అప్పటిదాకా వృత్తిరీత్యా ఆస్తుల సర్వేయరుగా ఉంటూ వాస్ప్స్‌కు ఆడేవారు. సంపన్నుడైన సర్ జాన్ హాల్ అండతో న్యూకాజిల్ క్లబ్బు పిలవగానే ఆయన అక్కడికి వెళ్లిపోయారు, డీన్ రయన్, స్టీవ్ బేట్స్ కూడా ఆయన వెంటే నడిచారు. చందాల మీద నడిచే సంఘం ఇలాంటి పోటీని తట్టుకోలేదని సభ్యులకు అర్థమైంది. 1996లో వ్యాపారవేత్త క్రిస్ రైట్ వాస్ప్స్ వృత్తి జట్టును, క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఫుట్‌బాల్ జట్టును ఒకే కంపెనీ కిందికి తెచ్చారు. వృత్తి జట్టు ఆ ఫుట్‌బాల్ జట్టుకు చెందిన లోఫ్టస్ రోడ్ మైదానానికి మారింది. ఔత్సాహిక విభాగం పశ్చిమ లండన్‌లో, యాక్టన్‌లోని ట్వైఫర్డ్ అవెన్యూకు చేరింది. సడ్‌బరీ స్థలంలో ఇళ్లు లేచాయి. వృత్తి క్రీడగా మారిన తొలి సీజన్‌లో, అంటే 1996–97లో, లీగు విజేత వాస్ప్సే కావడంతో సొంత మైదానం పోయిన సంగతి అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. నా దృష్టిలో తర్వాతి కష్టాలన్నింటికీ మూలం అక్కడే ఉంది.

ప్రశ్న: 2004 ఐరోపా ఫైనల్‌ను ఆఖరి నిమిషంలో ఒకే ఒక్క ట్రైతో వాస్ప్స్ గెలిచిందంటారు. ఆ ట్రై ఎలా జరిగింది? ఆ జట్టు బలమేమిటి?
– వ్యాయామ విద్య విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఆ ఫైనల్ 2004 మే 23న లండన్ ట్వికెన్‌హామ్‌లో, ఫ్రాన్సుకు చెందిన టూలూజ్ జట్టుతో జరిగింది. ఆట ముగింపుకు వచ్చేసరికి స్కోరు 20–20. అదనపు సమయం తప్పదనుకుంటున్నప్పుడు వాస్ప్స్ స్క్రమ్ హాఫ్ (ముందువరుసల నుంచి బంతిని తీసి వెనుకవారికి అందించే ఆటగాడు) రాబ్ హౌలీ పక్క గీత వెంట బంతిని ముందుకు తన్ని, దాని వెనుకే పరుగెత్తాడు. గోల్ గీత దాటిన బంతి అవతలి చివరి గీతను కూడా దాటిపోతే ఆట ఆగుతుంది, ప్రమాదం తప్పుతుంది. టూలూజ్ ఫుల్‌బ్యాక్ (అందరికన్నా వెనుక కాపలా ఉండే ఆటగాడు) క్లెమాఁ ప్వాత్రెనో అందుకే బంతిని వెంటనే అందుకోకుండా, అది దానంతటదే బయటికి దొర్లుతుందని దాని పక్కనే కనిపెట్టుకుని ఉన్నాడు. కోలగా ఉండే రగ్బీ బంతి ఎటు పడి ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. అది బయటికి పోలేదు. ఈలోగా చేరుకున్న హౌలీ నేల మీదికి దూకి, ప్రత్యర్థి చెయ్యి పడకముందే దానిని నేలకు అదిమాడు. ఇలా గోల్ గీత అవతల బంతిని నేలకు ఆనించడమే ట్రై, దానికి ఐదు పాయింట్లు. గీత పక్కనుంచి, కష్టమైన కోణంలో మార్క్ వాన్ గిస్‌బెర్గెన్ తన్నిన కన్వర్షన్‌కు (ట్రై తర్వాత గోల్ స్తంభాల మధ్యకు తన్నే అవకాశం) మరో రెండు. 27–20.

మీరు వ్యాయామ విద్య చదువుతున్నారు కనుక ఒక మాట. ప్వాత్రెనోది సోమరితనం కాదు, లెక్క. గోల్ గీతకు ముందే బంతిని అందుకుని, దానితో గీత వెనుక దొరికిపోయి ఉంటే, ప్రత్యర్థికి ఐదు మీటర్ల దూరంలో స్క్రమ్ (రెండు జట్ల ముందువరుసలు తోసుకుంటూ బంతి కోసం పోటీపడే పద్ధతి) ఇవ్వవలసి వచ్చేది. ఆ లెక్క తప్పడానికి ఒక్క క్షణం చాలింది.

ఇక బలం సంగతి. ప్రధాన శిక్షకుడు న్యూజిలాండ్‌కు చెందిన వారెన్ గాట్లాండ్, రక్షణ శిక్షకుడు రగ్బీ లీగ్ నుంచి వచ్చిన షాన్ ఎడ్వర్డ్స్, నాయకుడు లారెన్స్ డలాలియో. ప్రత్యర్థి బంతి అందుకునే లోపే రక్షణ వరుస మొత్తం ఒక్కసారిగా ముందుకు ఉరికి, బయటివైపు దారి మూసి, మనిషిని అక్కడికక్కడే పడగొట్టడం వారి పద్ధతి. దీనికి అపారమైన దమ్ము కావాలి. అందుకే సీజన్ చివరికి వచ్చేసరికి ఆటగాళ్లు తాజాగా ఉండేలా సాధనను, విశ్రాంతిని ముందుగానే లెక్కవేసేవారు. పాయింట్ల పట్టికలో మొదటి స్థానం కాక, ఫైనల్ మ్యాచే విజేతను తేల్చే పద్ధతి 2003లో మొదలైంది, అది వీరికి బాగా కలిసివచ్చింది. ఆ ఏడాది పట్టికలో ఎంతో ముందున్న గ్లూస్టర్‌ను ఫైనల్‌లో 39–3తో చిత్తు చేశారు. 2004లో ఐరోపా కప్పు గెలిచిన వారం తిరగకముందే బాత్ జట్టును ఓడించి లీగు కూడా గెలిచారు. 2005లో మళ్లీ లీగు, 2007లో లెస్టర్ మీద 25–9తో రెండో ఐరోపా కప్పు, 2008లో మళ్లీ లీగు. డలాలియో ఆ చివరి విజయంతోనే ఆట నుంచి వీడ్కోలు తీసుకున్నారు.

ప్రశ్న: అన్ని కప్పులు గెలిచిన క్లబ్బుకు అంత అప్పు ఎక్కడి నుంచి వచ్చింది? ఆటగాళ్ల జీతాలే కారణమా?
– చార్టర్డ్ అకౌంటెంట్, కరీంనగర్

జవాబు: జీతాల భారం అన్ని క్లబ్బులకూ ఉన్నదే. వాస్ప్స్ ప్రత్యేకత ఇల్లు లేకపోవడం. 2002లో మరో ఫుట్‌బాల్ జట్టైన ఫుల్హామ్‌కు చోటివ్వడం కోసం లోఫ్టస్ రోడ్ వదిలి, లండన్ వెలుపల హై వికమ్ పట్టణంలోని ఆడమ్స్ పార్క్‌కు తరలివెళ్లారు. దాదాపు పదివేల మంది పట్టే ఆ మైదానం కూడా ఒక ఫుట్‌బాల్ జట్టుదే. ఐరోపాను రెండుసార్లు గెలిచినా, ఇంగ్లండ్‌ను ఎన్నిసార్లు గెలిచినా, అద్దె మైదానంలో పదివేల టికెట్లకు మించి అమ్మలేరు. మ్యాచ్ లేని రోజుల్లో ఆ చోటు వారికి ఒక్క పౌండు కూడా సంపాదించిపెట్టదు. తర్వాతి యజమాని స్టీవ్ హేస్ అదే ప్రాంతంలో కొత్త స్టేడియం కట్టాలని చూశారు గానీ స్థానిక మండలి 2011లో ఆ ఆలోచన విరమించుకుంది. 2012లో జట్టు రెండో శ్రేణికి పడిపోకుండా సీజన్ ఆఖరి రోజున గట్టెక్కింది.

2013లో యజమాని అయిన డెరెక్ రిచర్డ్‌సన్ దీనికి ఒక పెద్ద మందు వేశారు. 2014 చివర్లో కోవెంట్రీ నగరంలోని 32 వేల సీట్ల స్టేడియాన్ని నడిపే కంపెనీని నగర మండలి నుంచి, ఒక ధర్మనిధి నుంచి కొని, డిసెంబరులో జట్టును అక్కడికి మార్చారు. సంగీత కచేరీలు, ప్రదర్శనలు, హోటలు, సమావేశ మందిరాలు అన్నీ అందులో ఉన్నాయి కనుక ఆట లేని రోజున కూడా ఆదాయం వస్తుందన్నది ఆయన ఆలోచన. కాగితం మీద ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ కోవెంట్రీకీ లండన్‌కూ మధ్య రోడ్డు దారిన సుమారు 150 కిలోమీటర్లు, ఇంచుమించు మన వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఉన్నంత. పాత అభిమానుల్లో చాలామంది లండన్ వైపే ఆగిపోయారు. కోవెంట్రీలో 1874 నాటి సొంత రగ్బీ క్లబ్బు ముందే ఉంది, సమీపంలోనే లెస్టర్, నార్తాంప్టన్ వంటి దిగ్గజాలు ఉన్నాయి. ఆ స్టేడియంలో అద్దెకుండే కోవెంట్రీ సిటీ ఫుట్‌బాల్ అభిమానులకైతే కొత్తవారు తమ ఇంటిని కొనేసుకున్నట్టే అనిపించింది. అయినా తొలి మ్యాచ్‌కు 28 వేల మందికి పైగా వచ్చారు.

అసలు చిక్కు 2015లో పడింది. పాత అప్పులు తీర్చడానికి, స్టేడియం ఖర్చుల కోసం క్లబ్బు 3.5 కోట్ల పౌండ్ల విలువైన బాండ్లు జారీ చేసింది. వాటిని కొన్నవారిలో సామాన్య అభిమానులూ ఉన్నారు. ఏటా ఆరున్నర శాతం వడ్డీ, అసలు మొత్తం ఏడేళ్లకు ఒక్కసారిగా చెల్లించాలి. మీ వృత్తివారికి లెక్క చెప్పడం సాహసమే గానీ, వడ్డీకే ఏటా దాదాపు 23 లక్షల పౌండ్లు కావాలి. మిత్తి కడుతూ కూర్చుంటే అసలు కదలదని మన ఊళ్లలో అనే మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పైగా 2020లో కరోనా వల్ల ఆటలు, కచేరీలు, ప్రదర్శనలు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఆదాయానికి వేర్వేరు దారులుంటే ఒకటి పోయినా మరొకటి ఆదుకుంటుందన్న లెక్క, దారులన్నీ జనం గుమిగూడడం మీదే ఆధారపడినప్పుడు పనిచేయలేదు. ఆ ఏడాది అక్టోబరులో జట్టు లీగు ఫైనల్‌కు చేరి, ఎక్సెటర్ చేతిలో 19–13తో మాత్రమే ఓడిందంటే మైదానంలో లోపమేమీ లేదని తెలుస్తుంది. ఆదుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము కూడా అప్పే. 2022 మేలో బాండ్ల గడువు ముగిసింది, అసలు చెల్లించలేకపోయారు, కొత్త అప్పు పుట్టలేదు. పన్నుల శాఖకు సుమారు 20 లక్షల పౌండ్ల బకాయి తోడైంది. అక్టోబరులో తలుపులు మూశారు.

అదే సీజన్‌లో వూస్టర్, ఆ వెంటనే 2023 జూన్‌లో లండన్ ఐరిష్ కూడా ప్రథమ శ్రేణి నుంచి కనుమరుగయ్యాయి కాబట్టి తప్పంతా ఒక్క యజమానిదే అనడం న్యాయం కాదు. అయితే బాండ్లు కొన్న అభిమానుల విషయంలో నాకు అంత ఉదారంగా ఆలోచించడం కష్టం. జట్టు మీది ప్రేమను పెట్టుబడిగా మలిచినప్పుడు నష్టభయాన్ని అంతే గట్టిగా చెప్పవలసిన బాధ్యత కూడా ఉంటుంది.

ప్రశ్న: మన దేశంలో కూడా పాత రగ్బీ క్లబ్బు ఏదైనా ఇలా మూతపడిందా?
– పాఠకుడు, గోదావరిఖని

జవాబు: పడింది, కానీ ఎంతో హుందాగా. 1873లో బ్రిటిష్ వారు స్థాపించిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు రగ్బీ ఆడేది. అక్కడి వేడి ఆటకు అనుకూలించలేదు. జట్టుకు ఆటగాళ్లను అందించిన సైనిక దళం వెళ్లిపోయింది, టెన్నిస్, పోలోల మోజు పెరిగింది. సభ్యులకు ఉచితంగా మద్యం అందించడం ఆపేయడంతో మిగిలినవారి ఉత్సాహం కూడా తగ్గిందంటారు. ఇక నడపలేమని తేలాక వారు బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, నాగుపాముల ఆకారంలో మూడు పిడులు, మూత మీద ఏనుగు ఉన్న ఒక కప్పు చేయించి, 1878లో ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు బహూకరించారు. 1879 నుంచి నేటిదాకా ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు పోటీపడే కలకత్తా కప్పు అదే. అప్పు లేకుండా మూసివేయగలిగిన క్లబ్బు మాత్రమే ఇలాంటి పని చేయగలదు.

ప్రశ్న: 2025 రగ్బీ ప్రీమియర్ లీగులో ఆడిన హైదరాబాద్ హీరోస్‌ను కూడా వాస్ప్స్ లాంటి క్లబ్బుగా భావించవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, జగిత్యాల

జవాబు: భావించలేము. వాస్ప్స్ ఆడినది పదిహేను మంది ఆట, ఆ లీగులో జరిగినది ఏడుగురి ఆట. అంతకన్నా ముఖ్యంగా, హీరోస్ మొదటి నుంచీ ఫ్రాంచైజీ. ఆ ఏడాది పోటీలన్నీ ముంబైలోనే జరిగాయి కనుక, ఆ జట్టు తన పేరులో ఉన్న నగరంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కొత్త లీగుకు ఇది ఖర్చు తగ్గించే తెలివైన పద్ధతే. అయితే ఆదిలాబాద్ నుంచి, ములుగు నుంచి పిల్లలు ఆ జట్టు దాకా చేరాలంటే ఇక్కడి మైదానాల్లో వారాంతపు జట్లు ముందు పుట్టాలి.

ప్రశ్న: వాస్ప్స్ ఆటగాళ్లు ఏమయ్యారు? ఆ పేరుతో ఇప్పుడు ఎవరైనా ఆడుతున్నారా?
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఆటగాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. వారిలో జాక్ విల్లిస్ చేరినది టూలూజ్‌లోనే, ఆ జట్టుతో 2023లో ఫ్రాన్స్ లీగును, 2024లో ఐరోపా కప్పును గెలిచాడు. వృత్తి జట్టును కొన్న కొత్త యజమానులు రెండో శ్రేణిలో పునఃప్రవేశానికి తొలుత అనుమతి పొందినా, షరతులు నెరవేర్చలేదని 2023 మేలో యూనియన్ దాన్ని రద్దు చేసింది. కెంట్ ప్రాంతంలో కొత్త స్టేడియంతో తిరిగి వస్తామని వారు అంటున్నారు, అంటే మరోసారి కొత్త ఊరు. యాక్టన్‌లోని ఔత్సాహిక వాస్ప్స్ మాత్రం ట్వైఫర్డ్ అవెన్యూలో స్థానిక లీగులు ఆడుతూ, పిల్లల జట్లను తీర్చిదిద్దుతూ ఉంది. అక్కడ ఎవరికీ జీతం లేదు, ఆడేవారే చందా కడతారు.