సౌండ్ ఇంజనీర్ అవుతానంటున్న అబ్బాయికి ఇప్పుడే 3 లక్షల కోర్సు అవసరమా?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా బాబు నల్గొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండ్ ఇయర్ ఎంపీసీ చదువుతున్నాడు. మా తమ్ముడికి టెంట్ హౌస్, మైక్ సెట్ ఉన్నాయి. సెలవు దొరికితే చాలు, బాబు మేనమామ వెంట పెళ్లిళ్లకు, జాతరలకు పోయి, మైకుల శబ్దం పెంచి తగ్గించే మిక్సర్ దగ్గర కూర్చుంటాడు. బీటెక్ వద్దు, సౌండ్ ఇంజనీర్ అవుతానంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది కోర్సుకు 3 లక్షలు చెప్పారు. ఇప్పుడే 50 వేలు కడితే సీటు ఉంచుతారట. వాళ్ల నాన్నేమో 'మైకులు మోయడానికి చదువెందుకు' అని కోప్పడుతున్నారు. ఇందులో బతుకు ఉందా? పొలం కుదువ పెట్టి చేర్పించమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి. ఆ 50 వేలు కట్టకండి, పొలం జోలికి అసలే పోకండి. మీ బాబు కోరిక తప్పని కాదు. ఈ పనిలో బతుకు ఉంది. కానీ ఇంటర్ కూడా పూర్తికాని పిల్లవాడి దగ్గర అడ్వాన్స్ అడిగే తొందర వాళ్లది. మీకు ఆ తొందర అవసరం లేదు. అలాంటి కోర్సులు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు కూడా ఉంటాయి.

ఇక వాళ్ల నాన్నగారి మాట. మైకులు మోయడం ఈ పనిలో ఉంది, నిజమే. పెద్ద పెద్ద కచేరీలు చేసేవాళ్లు కూడా కేబుళ్లు చుట్టడంతోనే మొదలుపెట్టారు. అయితే మోసేవాడికి, మిక్సర్ ముందు కూర్చున్నవాడికి తేడా ఎక్కడుందో ఆయనకు ఒక్కసారి కళ్లముందు కనిపించాలి. నేను చూసిన ఒక సంగతి చెప్తాను.

రెండేళ్ల కింద ఒక జాతరలో ఒగ్గు కథ వినడానికి కూర్చున్నాను. డోలు దెబ్బకు కథ చెప్పే ఆయన గొంతు మునిగిపోతోంది. మిక్సర్ దగ్గరున్న మనిషి ఆయన మైకు పెంచాడు. మైకు కీచుమని కూసింది. తగ్గించాడు, మళ్లీ మాట వినిపించలేదు. జనం లేచిపోతున్నారు. అప్పుడు అతని పక్కనున్న కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, మూడు పనులు చేశాడు. డోలు మైకు పూర్తిగా తగ్గించేశాడు, ఎందుకంటే ఆ మైదానంలో డోలుకు మైకే అవసరం లేదు. మైకుల వెనకాల ఉన్న స్పీకర్ బాక్సులను జరిపి మైకుల కంటే ముందుకు తెచ్చాడు. కథకుడి దగ్గరికి పోయి మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోమన్నాడు. ఐదు నిమిషాల్లో వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మలు కూడా కథకు ఊకొట్టడం మొదలుపెట్టారు.

ఆ కుర్రాడు చేసిందంతా ఫిజిక్సే. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి, పెరిగి, తిరిగి బాక్సులోంచే వస్తే ఆ కూత పుడుతుంది. అందుకే మైకు ఎప్పుడూ బాక్సు వెనకాలే ఉండాలి. నోటికి, మైకుకు మధ్య దూరం రెట్టింపైతే మైకులో పడే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) తగ్గుతుంది. దగ్గరికి తెస్తే మిక్సర్ ముట్టుకోకుండానే గొంతు పెరుగుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, పెద్ద మైదానంలో వంద మీటర్ల దూరాన ఇంకో జత బాక్సులు పెడితే స్టేజీ శబ్దం అక్కడికి దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. ఆ రెండో జతకు అంత డిలే (కావాలని పెట్టే ఆలస్యం) పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపించి ఏదీ అర్థం కాదు. బహిరంగ సభల్లో నాయకుల మాటలు ఒకదాని మీద ఒకటి పడినట్టు వినిపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

కాబట్టి మీ బాబుకు ఫిజిక్స్ పుస్తకం అడ్డంకి కాదు, ఆ పనిలోకి దారి అదే. ఈ మాట అతనికి తప్పకుండా చెప్పండి. ఎందుకంటే దేశంలో ఈ చదువుకు బాగా పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థలు రెండు ఉన్నాయి. పుణెలో 1960లో మొదలైన ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి, కోల్‌కతాలో 1995లో వచ్చిన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ రెండోది. రెండింట్లోనూ సౌండ్ కోర్సు మూడేళ్లు. ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు, కానీ ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. ప్రవేశ పరీక్ష రాయాలి, సీట్లు చాలా తక్కువ. 2009లో సౌండ్ మిక్సింగ్‌కు ఆస్కార్ అందుకున్న వారిలో ఒకరైన రసూల్ పూకుట్టి పుణె విద్యార్థే. కేరళలో ఒక మామూలు పల్లెటూరి నుంచి వచ్చిన మనిషి. ఎంపీసీ మధ్యలో వదిలేస్తే ఈ రెండు తలుపులూ మూసుకుపోతాయి.

నా సలహా ఇది. ఇంటర్ మంచి మార్కులతో పూర్తి చేయనివ్వండి. బీటెక్ ఇష్టం లేకపోతే బలవంతం వద్దు, నల్గొండలోనే బీఎస్సీలో ఫిజిక్స్ లేదా ఎలక్ట్రానిక్స్ ఉన్న గ్రూపు తీసుకోమనండి. ఖర్చు తక్కువ, చేతిలో డిగ్రీ ఉంటుంది. ఆ మూడేళ్లూ సెలవుల్లో మేనమామ దగ్గర పని ఎలాగూ నడుస్తుంది. డిగ్రీ చివరి ఏడాదిలో ప్రవేశ పరీక్షలు రాస్తాడు. సీటు రాకపోతే అప్పుడు ప్రైవేటు కోర్సు గురించి ఆలోచించవచ్చు. అప్పటికి ఏ స్టూడియోలో నిజంగా పని నేర్పుతారో, ఎక్కడ ఏసీ గదులు చూపించి ఫీజు వసూలు చేస్తారో అతనికే తెలుస్తుంది. చేరేముందు ఒక్క ప్రశ్న అడగమనండి: వారానికి ఎన్ని గంటలు నా చేతికి మిక్సర్ ఇస్తారు? దానికి సూటిగా జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయమనండి.

ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగింది కూడా చాలా ఉంది. ఒక మామూలు ల్యాప్‌టాప్, చెవులను కప్పే మంచి హెడ్‌ఫోన్స్ చాలు. పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు పూర్తిగా ఉచితంగా వాడి చూడవచ్చు, తర్వాత లైసెన్స్ ధర కూడా మిగతావాటితో పోలిస్తే తక్కువే. కేంబ్రిడ్జ్ మ్యూజిక్ టెక్నాలజీ సైట్‌లో గొంతు, డ్రమ్స్, గిటార్ విడివిడిగా ఉన్న పాటల ట్రాకులు సాధన కోసం ఉచితంగా దొరుకుతాయి. బెహ్రింగర్ ఎక్స్32 మిక్సర్ కొనకుండానే దాని కంప్యూటర్ ప్రోగ్రాం దించుకుని ఏ మీట ఏం చేస్తుందో చూడవచ్చు. లైవ్‌లో తప్పు చేస్తే అది జరిగిపోయినట్టే, రికార్డింగ్‌లో పదిసార్లు వెనక్కి పోయి సరిదిద్దుకోవచ్చు. అందుకే చెవి తయారయ్యేది ఎక్కువగా రికార్డింగ్ మీదే. లైవ్‌లో ధైర్యం వస్తుంది. రెండూ చేయమనండి.

సంపాదన విషయం దాచకుండా చెప్తాను. పెళ్లిళ్ల మీదే ఆధారపడితే ఆషాఢంలో, మూఢాల్లో చేతిలో పని ఉండదు. తర్వాత వినాయక చవితి, బతుకమ్మ, కురుమూర్తి జాతర, చెర్వుగట్టు జాతర వరసగా వచ్చి నిద్ర ఉండదు. ఇలా ఎత్తుపల్లాలుంటాయి. నెలజీతం కావాలనుకునేవాళ్లకు న్యూస్ ఛానళ్లు, డబ్బింగ్ థియేటర్లు, ఆడిటోరియంలు, ఫంక్షన్ హాళ్లలో సౌండ్ సిస్టం బిగించే కంపెనీలు ఉన్నాయి. సినిమా మిక్సింగ్ పేరున్న పనే, కానీ అక్కడ మొదటి కొన్నేళ్లు అసిస్టెంట్‌గా ఓపిక పట్టాలి.

నాకు ఒక కోరిక కూడా ఉంది. మన పల్లె వాద్యాలను, పాటలను మీ బాబు లాంటి వాళ్లు జనానికి బాగా వినిపించాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో, నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ మన దక్షిణ తెలంగాణవాళ్లే. సొరకాయ బుర్రలోంచి వచ్చే ఆ నాదం చాలా మెత్తనిది. పక్కన డప్పు మోగితే మాయమైపోతుంది. దాని ముందు మైకు ఎక్కడ పెట్టాలో, ఎంత పెంచితే తీగ గీరుకున్నట్టు కాకుండా పలుకుతుందో చిన్నప్పటి నుంచి ఆ వాద్యం వింటూ పెరిగిన చెవికి తొందరగా తెలుస్తుంది. మీ బాబును ఈ సెలవుల్లో ఫోన్ తీసుకుని ఊళ్లో పాత పాటలు పాడే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని రికార్డ్ చేయమనండి. విని, ఎక్కడ బాగుంది, ఎక్కడ మాట మింగేసినట్టు వినిపించింది రాసుకోమనండి. మూడు నెలలు విసుగు లేకుండా చేస్తే అతనికి ఈ పని మీద ఉన్నది మోజు కాదని మీకూ, వాళ్ల నాన్నగారికీ తెలిసిపోతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం ఇప్పటి నుంచే పాటించాలి.

మొదటిది చెవులు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని నిపుణుల లెక్క. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. డీజే బాక్సుల పక్కన రాత్రంతా నిలబడితే ఎంత నష్టమో ఆలోచించండి. పోయిన వినికిడి తిరిగి రాదు, ఈ పనిలో చెవే పెట్టుబడి. మెడికల్ షాపులో ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి, కొనివ్వండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదనే నిబంధన 2000 సంవత్సరం నుంచి ఉంది. కొన్ని పండుగ రోజులకే ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలిస్తుంది. పరీక్షల ముందు రాత్రిళ్లు వద్దనడానికి మీకు ఇది కూడా పనికొస్తుంది.

రెండోది కరెంటు. బాక్సుల్లో గుయ్‌మని హమ్ వస్తే కొందరు ప్లగ్గులోని ఎర్త్ పిన్ తీసేస్తారు. హమ్ పోతుంది, కానీ ఎక్కడైనా లీకేజీ ఉంటే తడి చేత్తో మైకు పట్టుకున్న మనిషి ప్రాణం పోవచ్చు. మీ తమ్ముడి సెట్లో ప్రతి ప్లగ్గుకూ మూడో పిన్ ఉందో లేదో, జనరేటర్‌కు ఎర్తింగ్ కొడుతున్నారో లేదో ఈ వారమే అడగండి. లేకపోతే సరిచేసేవరకు బాబును పంపకండి.