సమాధానం: డాట్ ఈఎన్‌వీ ఫైల్ (లారవెల్ సైట్ పాస్‌వర్డ్‌లు, కీలు ఉండే ఫైల్) బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది

డాట్ ఈఎన్‌వీని ఆపడానికి మీరు డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో రాసిన రూల్ తప్పేం కాదండి, కానీ మీ వెబ్ సర్వర్ ఎంజినెక్స్, అది డాట్ హెచ్‌టీయాక్సెస్ వైపు కన్నెత్తి కూడా చూడదు. అది అపాచీ అనే వేరే వెబ్ సర్వర్ పద్ధతి.

1. ఎంజినెక్స్ సైట్ కాన్ఫిగ్‌లో రూట్ లైన్ (సర్వర్ ఏ ఫోల్డర్‌లోని ఫైళ్లు చూపించాలో చెప్పేది) లారవెల్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌కి కాకుండా, లోపలున్న పబ్లిక్ ఫోల్డర్‌కి పెట్టండి. అసలు జబ్బు ఇదే.
2. కాన్ఫిగ్ టెస్ట్ చేసి రీలోడ్ కొట్టండి.
3. ఇన్‌కాగ్నిటోలో ఆ డాట్ ఈఎన్‌వీ లింకే తెరవండి, 404 (దొరకలేదు) లేదా 403 (అనుమతి లేదు) రావాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ బాట్లు (వాటంతటవే తిరిగే ప్రోగ్రామ్‌లు) ఈ ఫైల్ కోసమే సైట్లన్నీ గాలిస్తుంటాయి, మీది ఈపాటికే ఎవరి చేతికో చిక్కిందనుకోండి. డేటాబేస్, మెయిల్ పాస్‌వర్డ్‌లు, పేమెంట్ కీలు ఈరోజే మార్చండి. యాప్ కీ (లారవెల్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడానికి వాడే కీ) కూడా, కాకపోతే దాంతో ఎన్‌క్రిప్ట్ చేసిన డేటా ఉంటే ముందు పాత కీతో విప్పి పెట్టుకోండి (యూజర్లంతా లాగౌట్ అవుతారు, తప్పదు). తర్వాత లారవెల్ కాన్ఫిగ్ క్యాష్ (సెట్టింగ్‌ల దాచిన కాపీ) క్లియర్ చేయండి, ఆ కాపీ ఉంటే సైట్ పాత పాస్‌వర్డే వాడుతుంది.