సీరియల్ డ్రైవర్‌లో ప్రింట్ పెడితే బోర్డు హ్యాంగ్ అవుతోంది, ఇది రేస్ కండిషనేనా?

లినక్స్‌లో సొంతంగా రాసిన యూఆర్ట్ (సీరియల్ పోర్టు హార్డ్‌వేర్) డ్రైవర్, దాని ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (హార్డ్‌వేర్ పిలిచినప్పుడు నడిచే ఫంక్షన్) ఒక ప్రింట్‌కే (printk, కెర్నెల్ సందేశాలు ప్రింట్ చేసే ఫంక్షన్) పెడితే బోర్డు బిగుసుకుపోతోంది, తీసేస్తే బాగానే నడుస్తోంది అంటున్నారు. ఇది రేస్ (ఒకే డేటాను రెండు చోట్ల నుంచి ఒకేసారి మార్చడం) కాదండి, డెడ్‌లాక్ (ఎప్పటికీ దొరకని లాక్ కోసం ఆగిపోవడం). దీని మీద నేనూ రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

హ్యాండ్లర్ మొదట్లోనే పోర్ట్ స్పిన్‌లాక్ (దొరికేదాకా కోర్ అక్కడే తిరుగుతూ కాచుకునే లాక్) తీసుకుంటారు కదా. మీ కన్సోల్ (కెర్నెల్ సందేశాలు వచ్చే చోటు) కూడా అదే పోర్టు మీద ఉండి ఉంటుంది. ప్రింట్‌కే వెళ్లి కన్సోల్ రైట్ ఫంక్షన్‌ని పిలుస్తుంది, అది మళ్లీ అదే లాక్ అడుగుతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే! ఇక ఆ కోర్ అక్కడే తిరుగుతూ ఉంటుంది.

నన్ను తప్పుదారి పట్టించింది మా పాత బోర్డు. అందులో ఒకటే కోర్, ఎస్ఎంపీ (ఒకటికి మించిన కోర్లకు మద్దతు) లేకుండా బిల్డ్ చేసిన కెర్నెల్. అలాంటి బిల్డ్‌లో, డీబగ్ ఆప్షన్లు పెట్టకపోతే, స్పిన్‌లాక్‌లో ఆగి తిరిగే భాగమే ఉండదు, అందుకే అక్కడ హ్యాంగ్ కాలేదు. అదే కోడ్ నాలుగు కోర్ల బోర్డు మీద మొదటి అక్షరం టైప్ చేయగానే ఆగిపోయింది. కోర్లు పెరిగాయి కాబట్టి రేసే అనుకున్నాను. కెర్నెల్ ఏదైనా హెచ్చరిక ఇస్తుందేమోనని చూస్తే, అదీ ఆ పోర్టులోంచే రావాలాయె. చివరికి 'dmesg -n 1' కొట్టి కన్సోల్ మీదికి అత్యవసర సందేశాలు తప్ప ఏమీ రాకుండా చేస్తే హ్యాంగ్ పోయింది. అప్పుడు వెలిగింది. మీరూ ముందు అది చేసి చూడండి. హ్యాండ్లర్‌లో ప్రింట్ కావాలంటే ట్రేస్_ప్రింట్‌కే (trace_printk) వాడండి, అది మెమరీలోని రింగ్ బఫర్‌లో రాస్తుంది, కన్సోల్ జోలికి పోదు.

లాక్ తీసేస్తే పోలా అని మాత్రం అనుకోకండి. ఒక పూట ఆ పనీ చేశాను. ఒక కోర్‌లో రైట్, ఇంకో కోర్‌లో ఇంటరప్ట్, రెండూ ఒకే బఫర్ టెయిల్‌ని (తర్వాత పంపాల్సిన అక్షరం ఎక్కడుందో చెప్పే గుర్తు) జరపడంతో కొన్ని అక్షరాలు రెండేసిసార్లు వచ్చాయి, కొన్ని మాయం. రేస్ అంటే అదీ.

లాక్ పెట్టినా అది ఎవరి లాకో చూసుకోవాలి. 2020లో భద్రతా పరిశోధకుడు యాన్ హార్న్ బయటపెట్టిన లినక్స్ కెర్నెల్ భద్రతా లోపం సీవీఈ-2020-29661 సరిగ్గా ఇదే. సూడో టెర్మినల్‌కి (హార్డ్‌వేర్ లేకుండా సాఫ్ట్‌వేర్‌తో నడిచే టెర్మినల్) మాస్టర్, స్లేవ్ అని రెండు కొసలు. ఫోర్‌గ్రౌండ్ ప్రాసెస్ గ్రూప్‌ని (టెర్మినల్‌లో ప్రస్తుతం ముందున్న ప్రోగ్రాముల గుంపు) మార్చే కోడ్ స్లేవ్ డేటాను మారుస్తూ, పిలిచిన కొస లాక్ పట్టుకునేది. రెండు కొసల నుంచీ ఒకేసారి పిలిస్తే ఇద్దరి చేతిలోనూ లాక్ ఉంటుంది, కానీ వేర్వేరు లాకులు! రిఫరెన్స్ కౌంట్ (ఆ మెమరీని ఎంతమంది వాడుతున్నారనే లెక్క) రెండుసార్లు తగ్గి, వాడుకలో ఉన్న మెమరీ ఫ్రీ అయ్యేది. లాక్ లైన్లలో పిలిచిన కొస వేరియబుల్ బదులు స్లేవ్ కొస వేరియబుల్ రాయడమే దానికి మందు అయింది.

మీ డ్రైవర్‌లో పోర్టులు ఒకటికి మించి ఉంటే హ్యాండ్లర్ కోడ్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.